పద్నాలుగు టిక్కులు, తొమ్మిది మంది

ఇప్పుడే ఫుట్‌బాల్ ఆడే టర్ఫ్ (అద్దె గ్రౌండ్) నుంచి వచ్చా. స్నానం కూడా చేయలేదు, ముందు ఇది రాయాలి.

గురువారం గ్రూపులో పోల్ పెట్టా. ఆదివారం పొద్దున ఆరు, కొండాపూర్. పద్నాలుగు టిక్కులు పడ్డాయి. ఏడుగురికి ఏడుగురు, గంటకి 1800, మనిషికి 130. ఇరవై రూపాయలు మిగులుతుంది. "ఆ ఇరవై ఏమైందన్నా" అని పోయిన నెల గ్రూపులో అడిగినోడున్నాడు. వాడి 130 మాత్రం ఇంకా రాలేదు.

ఇవాళ వచ్చింది తొమ్మిది మంది. మనిషికి 200. నిద్రపోయినోడికి సున్నా, లేచి వచ్చినోడికి జరిమానా!

5:40కి మొదలయ్యాయి మెసేజ్‌లు. "అన్నా జ్వరం వచ్చినట్టుంది." వచ్చిందా, వచ్చినట్టుందా? "ఇంటికి చుట్టాలొచ్చారు." తెల్లారకముందే వచ్చే చుట్టాలెవర్రా, పాలవాళ్లా? ఇంకొకడు రాత్రి ఒకటిన్నరకి మాడ్రిడ్ మ్యాచ్ చూస్తూ స్టేటస్ పెట్టాడు, పొద్దున ఫోన్ ఎత్తడు. వాళ్ల మిడ్‌ఫీల్డ్ ఎలా ఆడాలో గంటసేపు చెప్తాడు, ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు రాలేడు.

సరే, అయిదుగురికి నలుగురు ఆడాం. గోల్‌లో నిలబడమంటే అందరికీ ఒకేసారి మోకాలి నొప్పి. నిలబడింది ఎవరో చెప్పాలా? బుక్ చేసినోడే. బంతికి గాలి కొట్టేదీ వాడే. జట్లు తేడా తెలియడానికి షర్టు మీద తొడుక్కునే బిబ్‌లు, చెమటతో సహా ఇంటికి మోసుకెళ్లేదీ వాడే. మా అమ్మ వాటిని కర్రతో ఎత్తి బకెట్లో వేస్తుంది, చేత్తో ముట్టుకోదు. నన్ను కూడా ఈమధ్య అలాగే చూస్తోంది.

అసలు మంట ఇది కాదు. ఆఫీసులో క్రికెట్ టోర్నమెంట్ పెట్టారు చూడండి, దానికి పేర్లు కొట్టించిన జెర్సీలు, డ్రోన్ కెమెరా, మధ్యాహ్నం బిర్యానీ. ఒక్కడు ఎగ్గొట్టలేదు, జ్వరాలన్నీ మాయం! మేం ఫుట్‌బాల్‌కి రెండు బంతులు, ఒక సెట్ బిబ్‌లు అడిగితే "దెబ్బలు తగుల్తాయి, రిస్క్" అని మెయిల్. ఆ క్రికెట్లోనే క్యాచ్ పట్టబోయి వేలు విరగ్గొట్టుకున్నది ఎవరో తెలుసా? ఆ మెయిల్ పంపినాయనే.

ఇది హైదరాబాద్ అండీ! 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ ట్రోఫీ ఎత్తింది మన సిటీ పోలీస్ టీమ్. మన రహీమ్ సాబ్ కోచ్‌గా ఉన్నప్పుడే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన బలరామ్ ఆ రెండు టీముల్లోనూ ఉన్నాడు. వాళ్లకి వాట్సాప్ లేదు కాబట్టి సరిపోయింది. ఉండుంటే మెల్‌బోర్న్ విమానం ఎక్కే రోజు పొద్దున ఏడుగురు "సారీ సాబ్, చుట్టాలొచ్చారు" అనేవాళ్లు. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ టీమ్ కూడా 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. టీమ్‌కి టీమే "అవుట్" కొట్టేసింది, ఇంక మా గ్రూపోళ్లని ఏమనాలి?

"లైట్ తీస్కో మామా, ఆటే కదా" అంటారు. మీ పెళ్లికి ప్లేటు చెప్పించి నేను రాకపోతే లైట్ తీస్కుంటారా? పోల్‌లో టిక్కు పెట్టడమంటే మాటివ్వడం కాదా?

వచ్చే వారం నుంచి రూల్ ఒక్కటే. శుక్రవారం రాత్రి పదిలోపు డబ్బులు పడితేనే లిస్టులో పేరు. రాకపోతే వెనక్కివ్వను. జ్వరమైనా సరే, వచ్చినట్టున్నా సరే.

ఇది టైప్ చేసేలోపే ఒకడు పర్సనల్‌గా మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఇవాళ మ్యాచ్ ఎలా జరిగింది?" అని. ఆ ఇరవై రూపాయలోడే. తమ్ముడూ, మ్యాచ్ బాగానే జరిగింది, నీ 130 సంగతి చెప్పు.