దిగుబడి పెంచినందుకు సంజాయిషీ

మా ఊరు వంశధార ఒడ్డున, కాశీనగరానికి దగ్గర. ఏరు దాటితే ఆంధ్ర, దాటకపోతే ఒడిశా. నాకు ఎకరంన్నర పొలం ఉంది. దేశ ఆహార భద్రత అంతా నా ఎకరంన్నర మీదే నిలబడి ఉందని మొన్నామధ్య ఒక శిక్షణ తరగతిలో తెలిసింది. అప్పట్నుంచీ రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సారు ఒడియాలో చెబుతుంటే పక్కనున్నాయన నాకు తెలుగులో విప్పి చెప్పాడు. 2015-16 లెక్కల ప్రకారం దేశంలో నూటికి 86 కమతాలు రెండు హెక్టార్ల లోపువేనట. కాబట్టి చిన్నరైతు పెంచితేనే దిగుబడి పెరుగుతుంది. 2007లో జాతీయ ఆహార భద్రతా మిషన్ పెట్టినప్పుడు 2011-12 నాటికి కోటి టన్నుల బియ్యం అదనంగా పండించాలనుకున్నారు. అందులో నా వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడితో ఆగేవాణ్ణి.

చెప్పలేదు గనక శ్రీ వరి అనే కొత్త సాగు పద్ధతికి దిగాను. పది రోజుల లేత నారు, దుబ్బుకు ఒకే మొక్క, మొక్కకీ మొక్కకీ 25 సెంటీమీటర్ల ఎడం. పొలంలో తాడు పట్టుకుని నిలబడితే ఊడ్చడానికి వచ్చిన ఆడవాళ్లు "మామయ్యా, ఊడుపులా, ముగ్గులా?" అని ఒకటే నవ్వు. విత్తనం మాత్రం పాత స్వర్ణ రకమే. 1982లో ఆంధ్రలోని మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి, సరిహద్దు దాటి ఒడిశా అంతా పాకింది. ఎలా దాటావని దాన్ని ఎవరూ నిలదీయలేదు.

నన్ను నిలదీశారు. పంట విరగపండింది, అదీ నేరం. సర్కారు ధాన్యం కొనే మండీలో రైతుకు ముందే ఇచ్చే టోకెన్ మీద ఎకరానికి ఇంతే కొంటామని పరిమితి ఉంటుంది, నీటి వసతి ఉన్న పొలానికి ఒకటి, వానాధారానికి ఒకటి. నా ధాన్యం దాన్ని దాటేసింది. గుమస్తా బస్తాల వంక చూసి, నా వంక చూసి, "ఏటవతల నుంచి తెచ్చావా?" అన్నాడు. పొలంలో పండాయి బాబూ అంటే నమ్మడే! శిక్షణ తరగతి ఫోటో చూపించాను. అందులో నేను భోజనం ప్యాకెట్ పట్టుకుని ఉన్నాను, సాక్ష్యానికి పనికి రాలేదు.

తరవాత మీటరు గుచ్చారు. తేమ 17 శాతం దాటకూడదు. కళ్లంలో నాలుగు రోజులు ఎండబెట్టిన ధాన్యం అక్కడికి రాగానే చెమటలు పట్టినట్టుంది. తేమ, తాలు, మట్టి అంటూ తీసే తరుగును ఇక్కడ కట్నీ ఛట్నీ అంటారు. పేరు పచ్చడిలా ఉంటుంది గానీ నంజుకునేది మనం కాదు.

మిగిలిన బస్తాలను షావుకారు మద్దతు ధర కన్నా తక్కువకు తీసుకెళ్లాడు. ఆయన దేశభక్తికి నమస్కారం. మాకు లోటేమీ లేదు, 2013 ఆహార భద్రతా చట్టం పుణ్యమా అని నెలకు మనిషికి ఐదు కిలోల బియ్యం ఇంటికొస్తున్నాయి. అవి నా పొలంవేమోనని మా ఆవిడ ఒక్కో గింజా తిప్పి చూస్తోంది.

అందుకే వచ్చే తరగతిలో దిగుబడి ఆపడం ఎలాగో నేర్పమని కోరుతున్నాను. ఈలోగా టోకెన్ జిరాక్స్ తీయించి విత్తనాలు నానబోసే గోనె మీద అంటిస్తాను. పరిమితి ఎంతో అవే చదువుకుంటాయి. కాకపోతే టోకెన్ ఒడియాలో ఉంది, స్వర్ణ చూస్తే మారుటేరుది.