గిన్నె తీసేయడమే అసలు కాపలా

పెరట్లో కుక్కకో పిల్లికో తిండి పెట్టే ఇళ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. రాత్రి నింపిన గిన్నె తెల్లారేసరికి ఖాళీ అవుతోంది, తిన్నది మాత్రం మన జంతువు కాదు. రాత్రి వచ్చి తినిపోయే జంతువులను తరిమేదెలా అని అందరూ అడుగుతారు. కళ్లు చెదిరే దీపాలు, ఘాటైన వాసనలు, బోనులు, చివరికి విషం దాకా సలహాలు వచ్చిపడతాయి. రాత్రంతా ఆరుబయట వదిలిన తిండిని ఎవరి కోసం పెట్టినట్టు? ముందు తేల్చుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం.

ఎండు గుళికల ఆహారం తయారయ్యే తీరు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. పిండి ముద్దను అధిక వేడితో, ఒత్తిడితో గుళికలుగా మార్చి, ఆరబెట్టి, ఆ తర్వాత పైన కొవ్వును, మాంసపు రుచినిచ్చే పదార్థాలను పూస్తారు. కుక్కా పిల్లీ వాసన నచ్చితేనే మూతి పెడతాయి కాబట్టి ఈ పూత. మన ముక్కుకు అంతగా తెలియని ఆ వాసనను నక్క, ఎలుగుబంటి, పందికొక్కు దూరం నుంచే పసిగడతాయి. కుక్క తిని వెళ్లిన తర్వాత ఖాళీ గిన్నె అడుగున వేలు పెట్టి చూడండి, జిడ్డు అంటుకుంటుంది. వంగి చూస్తే చుట్టూ నేల మీద, పలకల సందుల్లో గుళికల పొడి, నలిగిన ముక్కలు కనిపిస్తాయి. మన లెక్కలో భోజనం అయిపోయింది. చీమలకు, ఎలుకలకు అప్పుడే మొదలవుతుంది.

ఎలుకలు చేరిన చోటికి పాములు వస్తాయి. ఉత్తర అమెరికాలో అయితే రకూన్లు (చేతుల్లాంటి ముందు కాళ్లున్న చిన్న జంతువులు), స్కంకులు (దుర్వాసన చిమ్మే చిన్న జంతువులు), కొయోటీలు (నక్కను పోలిన అడవి కుక్కజాతి జంతువులు) వస్తాయి. ఆసియాలో ముంగిసలు, పునుగుపిల్లులు, నక్కలు, అడవి పందులు. వీటిలో అన్నీ గిన్నెతోనే తృప్తి పడవు. కొయోటీకి పిల్లి కూడా ఆహారమే, చిరుతకు కుక్క కూడా ఆహారమే. తిండి వాసన పట్టుకుని పెరటి దాకా వచ్చిన జంతువుకు మన పెంపుడు ప్రాణిని కూడా చూపించినట్టవుతుంది.

రోగాల సంగతి ఇంకా పెద్దది. ఒకే గిన్నె దగ్గర గుమిగూడిన జంతువులు కలబడతాయి, కరుచుకుంటాయి. రేబిస్‌కు అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు కుక్కకూ మనిషికీ సోకుతుంది. రోగం ఎప్పుడూ అడవి నుంచే ఇంటికి వస్తుందనుకోవడం కూడా పొరపాటు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో దాదాపు వెయ్యి సింహాలు, అంటే అక్కడున్న వాటిలో మూడో వంతు, కుక్కలకు వచ్చే కనైన్ డిస్టెంపర్ అనే జబ్బు వైరస్ వ్యాపించి చనిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచే ఆ వైరస్ అడవికి చేరిందని పరిశోధకులు భావించారు. టీకా వేయించకుండా, పెరట్లో అందరికీ ఒకే గిన్నె పెట్టే ఇల్లు అడవికి కూడా ప్రమాదమే.

మరి తరిమే సాధనాలు ఎందుకు పనిచేయవు? కదలికను గుర్తించి వెలిగే దీపం, నీళ్లు చిమ్మే యంత్రం మొదట్లో భయపెడతాయి. గిన్నెలో తిండి ఉన్నంత కాలం ఆ భయం నిలవదు. నాఫ్తలీన్ ఉండలు చల్లడం మరీ ప్రమాదకరం, వాటిని మింగితే కుక్కకూ పిల్లికీ విషం. ఎలుకల మందు తిన్న ఎలుకను గుడ్లగూబో ఇంటి పిల్లో తింటే విషం వాటికీ పాకుతుంది. బోనులో పట్టి దూరంగా వదిలేస్తే పీడ విరగడవుతుందని నమ్మేవారున్నారు. ఎలుగుబంట్లు పదుల కిలోమీటర్ల దూరం నుంచి కూడా తిరిగి వచ్చేస్తాయి. తిరిగి రానివాటిలో చాలా జంతువులు కొత్త చోట తిండీ గూడూ దొరక్క చస్తాయి.

అన్నిటికన్నా పట్టించుకోవలసింది, రాత్రి గిన్నె తీసేయాలన్న నియమాన్ని మనమే తప్పడం. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలు, పావురాలపై చేసిన ప్రయోగాల్లో ఒక విషయం స్పష్టంగా తేలింది. ప్రతిసారీ తిండి దొరికి, తర్వాత ఆగిపోతే జంతువు త్వరగానే ఆశ వదులుకుంటుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికే చోటును అంత తేలిగ్గా వదలదు. వారమంతా గిన్నె లోపల పెట్టి, ఒక్క రాత్రి బద్ధకించి బయట వదిలేస్తే, ఆ ఒక్క రాత్రి మిగతా రాత్రుల శ్రమను తుడిచేస్తుంది.

పాపం, ఆకలిగొన్న జంతువు తింటే మనకేం పోయిందని అడిగేవారి మనసును నేను గౌరవిస్తాను. అయితే మనిషి తిండి మరిగిన జంతువు మనిషికి భయపడటం మానేస్తుంది, పగలే గుమ్మం దాకా వస్తుంది, తలుపు గీరుతుంది. ఆ తర్వాత దాన్ని కాల్చి చంపే నిర్ణయం అధికారుల చేతుల్లోకి పోతుంది. తిండి మరిగిన ఎలుగుబంటి చచ్చిన ఎలుగుబంటి కిందే లెక్క అని ఉత్తర అమెరికా వన్యప్రాణి సిబ్బంది చెప్పే మాట ఊరికే పుట్టలేదు. జాలితో వదిలిన గుప్పెడు గుళికలు ఆ ప్రాణాన్నే తీస్తున్నాయని తెలిశాక కూడా వదిలేయడం జాలి అనిపించుకోదు.

చేయవలసింది చెప్పడానికి చిన్నదే. పగటి వేళ, నిర్ణీత సమయంలో, పూట తినగలిగినంతే పెట్టాలి. అరగంట చూసి మిగిలింది తీసేయాలి, గిన్నె కడగాలి, నేల ఊడ్వాలి. సంచిలోని ఆహారాన్ని గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో పోసి ఇంటి లోపల ఉంచాలి. ప్లాస్టిక్‌ను ఎలుకలు కొరికేస్తాయి, కొక్కెం పెట్టిన మూతలను రకూన్లు చేతులతో తీసేస్తాయి. నిదానంగా తినే పిల్లి ఉంటే, దాని చర్మం కింద అమర్చిన గుర్తింపు మైక్రోచిప్‌ను గుర్తిస్తేనే మూత తెరుచుకునే గిన్నెలు దొరుకుతున్నాయి.

వీధి పిల్లులకు పెట్టేవారికి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అవి పిలవగానే రావు. అయినా పిల్లులు కాలాన్ని త్వరగా నేర్చుకుంటాయి. రోజూ ఒకే వేళకు పెట్టి ఒకే వేళకు తీసేస్తే కొన్ని రోజుల్లోనే ఆ సమయానికి వచ్చి కూర్చుంటాయి. అయితే ఒకే వీధిలో ఒకరు సాయంత్రం తీసేసి, మరొకరు రాత్రికి నింపి పెడితే మొదటివారి శ్రమ వృథా. తిండి పెట్టేవారంతా మాట్లాడుకుని ఒకే వేళ నిర్ణయించుకోవాలి, చివరగా గిన్నె తీసే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి మరీ తేల్చుకోవాలి.