మహారాజశ్రీ అల్యూమినియం పెట్టె గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నా బొటనవేలు మినహా అందరం క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర లేదు. మీ ఒంటి మీది గాట్లన్నీ నేను పెట్టినవే.

తమరు దయచేయక ముందు మా ఇంట్లో రేడియో పనిచేసేది. హైదరాబాదు హ్యామ్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునే లైసెన్సుదారు) అష్హర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ 20 డిజైను ముందు పెట్టుకుని, ఆరు నెలలు కూర్చుని నా చేత్తో సోల్డర్ చేసుకున్న ట్రాన్స్‌సీవర్ అది. అంటే వినడానికీ మాట్లాడడానికీ కూడా పనికొచ్చే రేడియో. 14 మెగాహెర్ట్జ్ బ్యాండు, 12 వోల్టులు, ఓ ఆరు వాట్లు. తీగ చుట్టే ఉంగరాలు, అదే టొరాయిడ్లు, దొరకకపోతే కుళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టుకోమనేంత ఉదారమైన డిజైను. అట్టముక్క మీద, చిక్కుపడ్డ వైర్ల మధ్య, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఆ బోర్డు దూరదేశాల గొంతులు పట్టేది. చూసిన మిత్రులు ఊరుకున్నారా? "ఎంత బాగుందో! పెట్టెలో పెడితే ఇంకా బాగుంటుంది" అన్నారు.

కోఠీకి వెళ్ళాను. గుజరాతీ గల్లీలో ఒక దుకాణదారు మీ వంశమంతటినీ బల్ల మీద పేర్చాడు. ఒకరిలో నా బోర్డు పట్టదు. మరొకరిలో బోర్డుతో పాటు నేనూ పడతాను. చివరికి తమరు దొరికారు. ధర విన్నాక, పావలా కోడికి ముప్పావలా మసాలా అని పెద్దలు ఎవరిని ఉద్దేశించి అన్నారో అర్థమైంది.

హ్యామ్ లైసెన్సు పరీక్షలో నన్ను ఓమ్ నియమం అడిగారు. ఆకురాయి గురించి ఒక్క ప్రశ్న లేదు. యాంటెన్నా సాకెట్టుకు 16 మిల్లీమీటర్ల కన్నం కావాలి. నా డ్రిల్లుకు పట్టే పెద్ద బిట్టు 10. అది మీ పల్చటి రేకులో దిగగానే గడగడ వణికి, గుండ్రం మాని మూడు మూలల కన్నం చేసింది. మిగతా ఆరు మిల్లీమీటర్లూ రెండు సాయంత్రాలు ఆకురాయితో అరగదీశాను. మీ రజను ఇంటినిండా పరుచుకుంది. పొద్దున తల దువ్వుకుంటే జుట్టులోంచి మెరుస్తూ రాలింది. తీరా సాకెట్టు పెట్టి చూస్తే ఒక పక్క బిగువు, ఒక పక్క వెలుతురు. చుట్టూ నాలుగు మరలకు కన్నాలు వేస్తే మూడే కలిశాయి. నాలుగోది తమ ముఖాన దిష్టిచుక్కలా మిగిలింది.

గృహప్రవేశం నాడు బోర్డు నాలుగు స్పేసర్ల (చిన్న కాళ్ళ) మీద కుదురుగా కూర్చుంది. కానీ ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు, వాల్యూమ్ పాట్ (గొంతు పెంచి తగ్గించే మీట) వీపు వెళ్ళి ఒక కెపాసిటర్ నెత్తిన ఆనింది. పాట్‌ను అర అంగుళం పక్కకు జరిపాను. పాత కన్నం మీద వినాయకుడి స్టిక్కరు అంటించాను.

ఇక ఐఆర్‌ఎఫ్ 510 సంగతి. ఈ పవర్ ట్రాన్సిస్టరు వేడెక్కుతుంది కదా, మీ వెనక గోడకు బిగిస్తే తమరే చల్లారుస్తారని నమ్మి బిగించాను. దాని వీపున ఉన్న లోహపు రేకు లోపల డ్రెయిన్‌ అనే కాలికి కలిసి ఉంటుంది, అంటే అక్కడ 12 వోల్టులు. తమరేమో ఆపాదమస్తకం గ్రౌండు, అంటే సున్నా వోల్టులు. మధ్యలో వేయవలసిన కాగితమంత పల్చటి, కరెంటును ఆపే మైకా ముక్క నా జేబులోనే ఉండిపోయింది. స్విచ్చి వేశాను. ఫ్యూజు పోయింది. ఇంకొకటి వేశాను. అదీ పోయింది. మూడోసారి రాగి తీగ చుట్టబోతుంటే గుమ్మంలోంచి మా అమ్మ, "నిన్నటిదాకా మాట్లాడింది కదరా! పెట్టెలో కుక్కి దాని ఊపిరి తీశావు" అంది.

మైకా వేశాక ప్రాణం లేచి వచ్చింది. మూత పెట్టాను. వింటున్న స్టేషను మాయం. తీశాను, వచ్చింది. మూత దగ్గరికి తెస్తున్నకొద్దీ అవతలి పెద్దమనిషి గొంతు సన్నబడి, చిన్నపిల్లాడిదై, కీచుమని ఆగిపోతున్నది. మీ మూత కాయిల్ మీదికి వస్తే చాలు, స్టేషను పట్టి ఉంచే నా 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటరు తనిఖీ అధికారిని చూసిన గుమాస్తాలా తడబడి పక్కకు జరుగుతుంది. సరిచేయాలంటే మూత తీయాలి. తీస్తే సరిచేయడానికి ఏమీ ఉండదు! అందుకే స్క్రూడ్రైవరు దూర్చి, దాన్ని సరిచేసే ట్రిమ్మరు తిప్పడానికి మీ నడినెత్తిన ఇంకో కన్నం పెట్టాను. మన్నించాలి.

తమరుంటే బయటి గోల లోపలికి రాదని చెబుతారు. పక్కింటి ఎల్‌ఈడీ బల్బు గోల మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉంది. అది యాంటెన్నా గుండా రాజమార్గాన వస్తుంది, తమ అనుమతి అడగదు.

ఏది ఏమైనా ముందువైపు నుంచి చూస్తే తమరు దర్జాగానే ఉన్నారు. మిత్రులకు ఆ వైపు ఫొటోనే పంపాను. "ఎంత బాగుందో! మూత తీసి లోపల చూపించు" అన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క. మూత మరలు నాలుగింటిలో మూడే కనబడుతున్నాయి. తమరిని ఊపితే లోపల ఏదో గలగలమంటున్నది.