పదిహేను మందికి ఒకటే మెడ

గౌరవనీయులైన మా ఊరి ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానాల పుస్తకం గారికి,

2024 ఆగస్టు 8న మూడో తరగతి తల్లిదండ్రుల తరఫున చేతులెత్తి ఎన్నుకోబడి, తర్వాత మా పాపతో పాటు నాలుగో తరగతికి ప్రమోషన్ పొందిన సభ్యురాలు, మీలో వరుస సంఖ్య 8, నమస్కరించి రాయునది.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ అన్నారు. ఎల్లుండి పెళ్లికి ఇవ్వాల్సిన నాలుగు జాకెట్లు మిషను మీద అలాగే పడేసి పది నిమిషాల ముందే వచ్చి కూర్చున్నాను. ముఖ్య అతిథి గారు నాలుగుంబావుకి వచ్చారు, నాలుగున్నరకి వెళ్లారు. ఆ పావుగంటలో మూడు శాలువాలు, ఒక ఉపన్యాసం, లెక్కలేనన్ని ఫొటోలు. "బడి మనది, బాధ్యత మనది" అని రెండుసార్లు అన్నారు. ఆ "మన"లో నేనున్నానో లేనో అడుగుదామనుకునేలోపు ఆయన కారు గేటు దాటింది. సభ్యులకి చల్లారిన టీ, రెండేసి బిస్కెట్లు.

శాలువా సంగతి వదిలేస్తాను. దానికి వేరే ఉత్తరం రాయాలి.

మామూలుగా అయితే మీరూ నేనూ కలిసేది అర నిమిషం. హెచ్చెమ్ గారు మిమ్మల్ని తెరిచి, "ఇక్కడమ్మా" అని వేలు పెడతారు. ఆ వేలు పక్కనే నేను సంతకం పెడతాను. వేలు పైన ఏముందో చదవొద్దని ఎవరూ అనలేదు, చదివే తీరిక ఇవ్వలేదంతే. ఇవాళ ముఖ్య అతిథి గారి పుణ్యమా అని రెండుంబావు గంటలు దొరికాయి. మీరు బల్ల మీద ఊరికే పడుకుని ఉన్నారు. తీసి చదివాను.

తీర్మానం నాలుగు: "బాలికల మరుగుదొడ్ల నిర్వహణ సంతృప్తికరంగా ఉన్నదని సభ్యులందరూ ఏకగ్రీవంగా అభిప్రాయపడటమైనది."

పోయిన మీటింగ్‌లో అదే ముక్క. దాని ముందు మీటింగ్‌లో అదే. దాని ముందూ అదే. కింద నా సంతకం.

అయ్యా, ఆ మూడింట్లో రెండు మీటింగుల్లో నేను లేచి నిలబడి మాట్లాడాను. ఆడపిల్లల బాత్రూం తలుపుకి లోపల గడియ లేదని చెప్పాను. రెండోసారి మైకులో కూడా చెప్పాను (మైకు పనిచేయలేదు, అది వేరే సంగతి). మూడోసారి నేను అసలు ఊళ్లోనే లేను. మా అత్తగారి కంటి ఆపరేషన్‌కి టౌన్లో ఉన్నాను. అయినా మీలో నా సంతకం ఉంది, నా చేతిరాత కంటే ముచ్చటగా. ఎవరిదో గానీ మంచి చెయ్యి.

ఈ "ఏకగ్రీవం" అనే మాట మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. గ్రీవం అంటే మెడ. రావణాసురుడికి పది మెడలుంటే దశగ్రీవుడన్నారు. మా కమిటీలో తరగతికి ముగ్గురు చొప్పున పదిహేను మంది తల్లిదండ్రులం ఉన్నాం, మా అందరికీ కలిపి మీరు ఒకటే మెడ ఇచ్చారు. హెచ్చెమ్ గారు "ఏమంటారు?" అంటే ఆ మెడ ఊగుతుంది. అది అవునని ఊగిందో, నిద్ర వచ్చి ఊగిందో మీరు అడగరు. రావణుడికైనా పది తలల్లో ఒక్కటి ఎప్పుడో అప్పుడు అడ్డంగా ఊగే ఉంటుంది.

ఎన్నికైన కొత్తలో ఒక కాగితం చేతిలో పెట్టారు. 2009 విద్యా హక్కు చట్టం, సెక్షన్ 21. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలట, సగం మంది ఆడవాళ్లే ఉండాలట. బడి ఎలా నడుస్తోందో చూడాలట, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలట, వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయిందో కనిపెట్టి ఉండాలట. చదివి నాకు ఒళ్లు పొంగింది. మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఇప్పుడు తెలిసింది, చట్టం అడిగినవన్నీ మీలో ఉన్నాయి. ఆడవాళ్లు సగానికి పైనే. తల్లిదండ్రులు నిండుగా. మనుషులు కుర్చీలో లేకపోయినా కాగితం మీద కోరం పూర్తి. మా చైర్‌పర్సన్ గారి సంతకం కూడా ఉంటుంది, ఆవిడ పొలంలో ఉన్నా. ఆవిడ కుర్చీలో వాళ్లాయన కూర్చుంటారు. అందరూ ఆయన్నే "చైర్మన్ గారూ" అంటారు. ఆయన కూడా పలుకుతారు.

గడియ దగ్గరికే వస్తాను. ఎంత దూరం పోయినా అక్కడికే వస్తున్నాను, ఏమీ అనుకోకండి.

గడియ లేకపోతే ఏమవుతుందో మీకు తెలియదు. మీరు బీరువాలో ఉంటారు, బీరువాకి తాళం ఉంది. మా పాప బాత్రూంకి వెళ్లాలంటే ముగ్గురు పిల్లలు కలిసి వెళ్లాలి. ఒకతి లోపల, ఒకతి తలుపు పట్టుకుని, ఇంకొకతి మగపిల్లలు అటు రాకుండా కాపలా. ఆ ముగ్గురికీ ఒకేసారి రావాలి. లేదా ఒకరికి వచ్చినప్పుడల్లా మిగతా ఇద్దరూ పాఠం వదిలేయాలి. అందుకని వాళ్లే ఒక తీర్మానం చేసుకున్నారు. నీళ్లు తాగకూడదని. పొద్దున నేను నింపి ఇచ్చిన సీసా సాయంత్రం అలాగే నిండుగా వస్తోంది. ఎండలు ముదిరితే బడిలో "వాటర్ బెల్" కొడతారు, పిల్లలు నీళ్లు తాగడం మర్చిపోకూడదని. మా పిల్లలు మర్చిపోలేదు. గంట కొట్టినప్పుడు సీసా మూత తీసి, పెదాలకి ఆనించి, మళ్లీ పెట్టేస్తారట. టీచరు చూస్తారు కదా. తొమ్మిదేళ్ల పిల్ల ఇది నాకు నవ్వుతూ చెప్పింది.

మీకు అర్థమవుతోందా? నిన్నే అడుగుతున్నా. "సంతృప్తికరం" అని రాసుకున్నావే, ఎవరికి తృప్తి? ఆ తలుపు ఒక్కసారి వేసి చూశారా ఎవరైనా? వేస్తే కదా గడియ లేదని తెలిసేది!

క్షమించండి. "నువ్వు" అనేశాను.

కొన్నేళ్ల కిందట టీచర్లు రోజూ బాత్రూంల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించేవాళ్లు. పాపం, పాఠం చెప్పాల్సిన మనుషులు పొద్దున్నే ఫోను పట్టుకుని అటు పరిగెత్తేవాళ్లు. ఆ ఫొటోల్లో టైల్సు మెరిసేవి, బకెట్టు ఉండేది, మగ్గు ఉండేది. గడియ మాత్రం కనిపించేది కాదు. తలుపు బార్లా తీస్తేనే ఫొటో వస్తుంది మరి.

డబ్బు లేదంటారా? మా బడిలో ఎనభై చిల్లర మంది పిల్లలు. ముప్ఫై ఒకటి నుంచి వంద మంది ఉన్న బడికి ప్రభుత్వం సమగ్ర శిక్ష పథకం కింద ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 25,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నా చితకా రిపేర్లు అన్నీ అందులోనే. అది ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో వేరే పురాణం. కానీ అందులో కనీసం పది శాతం శుభ్రత కోసమే ఖర్చు పెట్టాలని నిబంధన. అంటే రెండున్నర వేలు. బజార్లో ఇనుప గడియ డెబ్బై రూపాయలు. ముప్ఫై అయిదు గడియలు వస్తాయి. మాకు కావలసింది ఒక్కటి.

దాతలు లేరంటారా? మా ఊరి దాతలకి ఏం తక్కువ! ఫ్యాను రెక్క మీద దాత పేరు, బీరువా తలుపు మీద దాత పేరు, కంచం అడుగున దాత పేరు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఎవరిచ్చారో తెలియదు, కరెంటు పోతేనే కీర్తి. పూర్వ విద్యార్థులంతా కిందటేడు ఒక ఆదివారం కలుసుకుని, భోజనాలు చేసి, పాత మాస్టార్ల కాళ్లకి దండం పెట్టి, బడికి సరస్వతీదేవి విగ్రహం ఇచ్చారు. పాలరాయి. చుట్టూ ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకి గడియ, గడియకి తాళం. చదువుల తల్లికి ఉన్న ఆ మాత్రం చాటు చదువుకునే పిల్లలకి లేదు. నేను అమ్మవారికి దండం పెట్టినప్పుడల్లా నా కళ్లు ఆ గడియ మీదే ఉంటున్నాయి. పాపం తగిలితే తగలనీ.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రులనీ టీచర్లనీ కూర్చోబెట్టినప్పుడు అమ్మలకి ముగ్గుల పోటీ, నాన్నలకి తాడు లాగుడు పెట్టారు. నాకు ముగ్గుల్లో రెండో బహుమతి, స్టీలు డబ్బా వచ్చింది. పిల్లలతో కలిసి కూర్చుని అన్నం తిన్నాం, అబద్ధం ఎందుకు, ఆ రోజు బాగుంది. కానీ ఇప్పుడనిపిస్తోంది, నెమలి బదులు పెద్ద గడియ ముగ్గు వేయాల్సింది. దానికైనా ఫొటో తీసేవాళ్లు.

మిమ్మల్ని పక్కన పెట్టేద్దామని చూస్తే, మీ కింద ఇంకో పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయి, అంచులు చెదలు కొట్టి. మీ నాయనమ్మ గారనుకుంటాను. 1998లో ఉమ్మడి రాష్ట్రం బడుల్లో సమాజ భాగస్వామ్యం కోసమని ఏకంగా ఒక చట్టమే చేసింది కదా, ఆ నాటి విద్యా కమిటీ పుస్తకం. 1999లో ఒక పేజీ. బడి ఆవరణలో ఊరివాళ్లు వడ్లు ఆరబోస్తున్నారు, పిల్లలకి ఆడుకునే చోటు లేదు, ఆరబోయకూడదని తీర్మానం. కింద, నీలం సిరాతో: "తొమ్మిది మంది ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. తమకు వేరే కళ్లం లేదని వారి మాట." దాని కింద: "కావున వారికి ఆదివారములలో మాత్రం వీలు ఇవ్వడమైనది." పదకొండు వేలిముద్రలు. ఒక్క సంతకం లేదు.

చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను. వేలిముద్ర వేసిన వాళ్లు కాదంటే కాదన్నారని రాశారు. డిగ్రీ చదివిన నేను కాదంటే అవునని రాశారు.

హెచ్చెమ్ గారి మీద నాకు కోపం లేదు. ఉంది, కానీ పూర్తిగా లేదు. ఆయనొక్కరే రెండు తరగతులకి పాఠం చెప్పాలి, గుడ్లు లెక్కపెట్టాలి, హాజరు ఫోనులో వేయాలి. పైనుంచి ఎజెండా వస్తుంది, ఏం రాయాలో కూడా దాంతోనే వస్తుంది. మీరు కూడా పాపం ఎవరో చెప్పింది మోసేవారే. కానీ తలుపు తెరుచుకోకుండా పట్టుకుని నిలబడే పిల్లకి ఈ కష్టాలన్నీ ఎలా చెప్పను?

ఇవాళ "ఇక్కడమ్మా" అన్నప్పుడు, ఆ వేలి పక్కన సంతకం పెట్టే ముందు రెండు ముక్కలు రాశాను. "నాలుగో తీర్మానం నేను ఒప్పుకోను. గడియ లేదు." హెచ్చెమ్ గారి మొహం పాలిపోయింది. "అమ్మా, పుస్తకంలో ఇలా ఉంటే పైవాళ్లు అడుగుతారమ్మా" అన్నారు. "అడగనివ్వండి సార్, ఒకరైనా అడగాలిగా" అన్నాను. ఆయన సొరుగు లాగి వైట్‌నర్ తీశారు. ఎండిపోయింది. గ్రాంటులో దానికి డబ్బు మిగల్లేదు కాబోలు.

గడియ నేనే కొన్నాను. దారిలోనే కొట్టు. శనివారం మా తమ్ముడు వచ్చి బిగిస్తాడు, నాలుగు మరలు, పది నిమిషాల పని. వచ్చే మీటింగ్‌లో మీరు దాన్ని "దాతల సహకారంతో" అని రాసుకోవద్దు. శాలువా తెప్పించొద్దు. తలుపు మీద నా పేరు వేయించొద్దు. నేను దాతని కాను, సభ్యురాలిని. డెబ్బై రూపాయల బిల్లు ఈ ఉత్తరానికి జత చేశాను. గ్రాంటు వచ్చినప్పుడు ఇప్పించగలరు.

ఇట్లు,
వరుస సంఖ్య 8
(సంతకం నాదే. ఈసారి చదివి పెట్టింది.)