కాలువ గారూ, మీ మూత మీద నడుస్తున్నాను

లాస్ ఏంజలస్ కాలువ గారికి,

నమస్కారం. పొద్దుటి నుంచి మీ నెత్తి మీద టకటకమంటున్న బూట్లు నావే. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,650 మైళ్ళు సాగే కాలిబాట అయిన పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌లో, మొహావీ ఎడారి అంచున సుమారు 17 మైళ్ళు మీ వెంటే నడవాలి. కొండలెక్కి దిగి అరిగిన మోకాళ్ళకు ఇంత చదునైన దారి దొరకడం వరమే. నీడ లేదన్న ఒక్క లోటు తప్ప. తెలివైనవాళ్ళు ఇక్కడ రాత్రిపూట హెడ్‌ల్యాంపు పెట్టుకుని నడుస్తారు. ఆ తెలివి నాకు మిట్టమధ్యాహ్నం వచ్చింది.

నా వీపు మీద ఆరు లీటర్ల నీళ్ళు, అంటే ఆరు కిలోలు. నా కాళ్ళ కింద ఒక మహానగరానికి పోయే నీళ్ళు. మధ్యలో మీ కాంక్రీటు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత మీకోసమే పుట్టినట్టుంది. ఒకచోట మోకాళ్ళ మీద వంగి మూతకి చెవి ఆనించాను, గలగల వినిపిస్తుందేమోనని. నా గుండె చప్పుడే వినబడింది. చెవి మాత్రం కాలింది.

1913 నవంబరు 5న మిమ్మల్ని తెరిచినప్పుడు, మిమ్మల్ని కట్టించిన ఇంజనీరు విలియం మల్హాలండ్ జనంతో "అదిగో, తీసుకోండి" అన్నాడట. అంత పొదుపుగా మాట్లాడిన ఇంజనీరు మరొకడు ఉండడు. కానీ అయ్యా, ఎక్కణ్ణించి తీసుకోను? ఇక్కడ కనీసం ఒక చిల్లు కూడా లేదే! మన భగీరథుడూ నీళ్ళు తెచ్చాడు, పైన మూత మాత్రం వెయ్యలేదు.

చిల్లు పెడదామన్న ఆలోచన నాకంటే ముందే వేరేవాళ్ళకు వచ్చిందని తెలుసు. మీరు ఓవెన్స్ నదిని దారి మళ్ళిస్తే, కడుపు మండిన ఆ నదీలోయవాళ్ళు 1924లో మీకు డైనమైటే పెట్టారు. 1926 నాటికి ఓవెన్స్ సరస్సు ఎండనే ఎండింది. ఒక సరస్సు మొత్తం తాగినవారు నాకో గ్లాసు పొయ్యరా అని అడగడం నా అమాయకత్వం.

మధ్యాహ్నం ఒక జాషువా చెట్టు కింద కూలబడ్డాను. దాని నీడ చిల్లుల జల్లెడ. ముఖం నీడలో పెడితే కాళ్ళు ఎండలో. బాటిల్ మూత తీసి ఒక గుక్క తాగాను. టీ పొడి వేసుంటే టీ అయ్యేది, అంత వేడి. పైగా ప్లాస్టిక్ వాసన. గొడుగు విప్పితే, ఇక్కడ గాలిమరలు ఎందుకు పెట్టారో అర్థమైంది. గాలి దాన్ని గిన్నెలా తిప్పేసింది. వాన కురిస్తే పట్టుకోవచ్చని నిమిషం సేపు అలాగే ఉంచాను.

అన్నిటికంటే చిరాకు పుట్టించేది ఏమిటంటే, మనిద్దరం ఎదురుబొదురు ప్రయాణికులం. సియెర్రా కొండల మంచు కరిగి, ఒక్క పంపు కూడా లేకుండా వాలు మీదే 233 మైళ్ళు జారుకుంటూ మీరు చల్లగా దక్షిణానికి. ఆ మంచు దగ్గరికే, చెమటలు కక్కుకుంటూ నేను ఉత్తరానికి.

సరే. ఇంకో 250 మైళ్ళు దాటాక, తిండి సరుకులకని కియర్‌సార్జ్ కనుమ మీదుగా తూర్పుకి దిగుతాను. అటువైపు ఏర్లు మీ ఓవెన్స్ లోయలోకే పారతాయి. మొదటి ఏరు దగ్గర బూట్లు విప్పి, ఈ మేజోళ్ళతో సహా కాళ్ళు ముంచుతాను. నెల తిరక్కముందు మీ నీళ్ళు కాస్త ఉప్పగా తగిలితే కంగారుపడకండి. అది నేనే.

ఇట్లు,
మీ మూత మీది మనిషి