సెకనుకు ఎన్ని ఫ్లాపీలు?

ఇంటర్నెట్ వేగాన్ని ఇకమీదట ఫ్లాపీల్లోనే ప్రకటించాలి. ఇది సరదాకి అంటున్న మాట కాదు, డిమాండ్. మెగాబిట్‌ను కళ్లారా చూసినవాడు లేడు. ఫైళ్లు దాచుకునే ఆ పాత పల్చటి డిస్కును, ఫ్లాపీనైతే ఒక తరం మొత్తం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగింది. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) కనెక్షన్ అంటే సెకనుకు ఎనిమిదిన్నర ఫ్లాపీలు. గిగాబిట్ అంటే దాదాపు 85. ఇందులో అర్థం కానిదేముంది? పాత డ్రైవ్‌ల వేగాలన్నిటినీ నేటి నెట్‌వర్క్ లెక్కల్లోకి, నేటి నెట్‌వర్క్‌ను పాత డ్రైవ్‌ల లెక్కల్లోకి మార్చి న్యాయం చేయడానికి ఒక కమిటీ కూడా వేశాను. అధ్యక్షుణ్ని నేనే, సభ్యుణ్నీ నేనే.

నెట్‌వర్క్ వాళ్లు బిట్లలో మాట్లాడతారు, డిస్కుల వాళ్లు బైట్లలో. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే పనైపోవాలి. కానీ ఆదిలోనే హంసపాదు. ఫ్లాపీ మీద అచ్చేసిన 1.44 ఎంబీ ఉంది చూశారూ, అది అసలు ఏ ఎంబీ? ఎంబీ అంటే 10,00,000 బైట్లని ఒక వర్గం. కాదు, 1024ని 1024తో గుణించి 10,48,576 అని ఇంకో వర్గం. ఫ్లాపీ ఈ రెండు వర్గాల్లోనూ లేదు. దానిలో పట్టేవి 14,74,560 బైట్లు. వాటిని 1.44 అనిపించడానికి 1000ని 1024తో గుణించిన మూడో మెగాబైట్ ఒకటి పుట్టించారు. ఇరుపక్షాలకూ చెరిసగం పంచి తగువు తీర్చిన ఆ పెద్దమనిషి ఎవరో గానీ, రాజకీయాల్లో ఉంటే రాణించేవాడు.

అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో రంగంలోకి దిగి, 1024 వర్గానికి కిబిబైట్, మెబిబైట్ అని విడిగా పేర్లు పెట్టింది. బారసాల ఘనంగానే జరిగింది, పిల్లల్ని ఎత్తుకునేవాళ్లే కరువయ్యారు. విండోస్ ఇప్పటికీ 1024తో లెక్కేసి జీబీ అనే రాస్తుంది. మ్యాక్ 2009లో 1000 లెక్కకు మారిపోయింది. ఒకే ఫైలు రెండు కంప్యూటర్లలో రెండు సైజులు చూపిస్తే ఫైలు తప్పు కాదు.

పరిమాణం అటుంచి వేగానికి వద్దాం. ఫ్లాపీ డ్రైవ్ కాగితాల మీద వేగం సెకనుకు 500 కిలోబిట్లు. డిస్కు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 5. చుట్టుకు 18 సెక్టార్లు (డేటా ముక్కలు), సెక్టారుకు 512 బైట్లు. గుణించి చూస్తే సెకనుకు 46,080 బైట్లు, అంటే సుమారు 369 కిలోబిట్లు. మిగతా 131 ఏమైనట్టు? సెక్టార్ల మధ్య ఖాళీలు, సెక్టారు చిరునామాలు, తప్పొప్పులు సరిచూసే గుర్తులు. తిలాపాపం తలా పిడికెడు. మొత్తం ఫ్లాపీ చదవడానికి, హెడ్డు అటూ ఇటూ జరిగే సమయం కాకుండానే, 32 సెకన్లు.

కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్నెట్‌దీ అదే వరస. ఒక నిండు ప్యాకెట్ తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటే, దానిలో మన ఫైలుకు దక్కేవి 1460. గిగాబిట్‌ను 8తో భాగిస్తే 125 ఎంబీ వస్తుంది గానీ, ఫైలు కాపీ అయ్యేటప్పుడు 119 కూడా కనపడదు. వైఫై ప్రస్తావన తేకపోవడమే మర్యాద.

ఫ్లాపీ మరీ పాతది, సీడీ డ్రైవ్‌ల వేగం చెప్పే ‘ఎక్స్’ను కొలమానంగా పెట్టుకుందామనే మితవాదులూ ఉన్నారు. వాళ్ల వాదననూ కమిటీ ఆలకించింది. పాటల సీడీ సెకనుకు 75 బ్లాకులు చదువుతుంది, బ్లాకుకు 2352 బైట్లు. అదే డిస్కు, అదే వేగం, కానీ డేటా అయితే బ్లాకుకు 2048 బైట్లే చేతికొస్తాయి. 1ఎక్స్ అంటే 150 కిలోబైట్లు (1024 వర్గం). నెట్‌వర్క్ భాషలో 1.23 మెగాబిట్లు. మిగిలిన 304 బైట్లలో ఎక్కువ భాగం తప్పులు దిద్దడానికే. పాటలో ఒక ముక్క పోతే ప్లేయర్ ఇరుగుపొరుగును చూసి పూడ్చేస్తుంది, చెవి పట్టించుకోదు. ప్రోగ్రామ్‌లో ఒక్క బైటు పోతే సెటప్ చివరిదాకా వచ్చి చతికిలబడుతుంది. సంగీతానికి ఉన్న క్షమాగుణం సాఫ్ట్‌వేర్‌కు లేదు.

సీడీ డ్రైవ్ డబ్బా మీద 52ఎక్స్ అని ఉంటుంది. లెక్కకు 64 మెగాబిట్లు. ఆ వేగం డిస్కు బయటి అంచున మాత్రమే, లోపలి చుట్టులో అందులో సగం కూడా రాదు. సీడీని నింపేదేమో లోపలి నుంచి బయటికి! సగం నిండిన డిస్కు ఆ 52 మొహం ఏనాడూ చూడదు. ‘అప్ టు’ అని చుక్క గుర్తు పెట్టి నెట్ ప్యాకేజీలు అమ్మేవాళ్లకు గురువులు ఎక్కడున్నారో ఇప్పుడు తెలిసింది కదా. పైగా డీవీడీ ఎక్స్ వేరు, అది 11 మెగాబిట్లు. బ్లూరే ఎక్స్ 36. 52ఎక్స్ సీడీ నుంచి 16ఎక్స్ డీవీడీకి మారినవాడు డిమోషన్ అనుకుని కుమిలిపోతాడు గానీ, అతని వేగం దాదాపు మూడు రెట్లు పెరిగింది.

చిన్న బిట్లు చూపించి పెద్ద అంకె చెబుతారని నెట్‌వర్క్ వాళ్లను ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నాం. కంప్యూటర్ లోపల డిస్కును కలిపే సాటా కేబుల్ దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. మూడో తరం సాటా 6 గిగాబిట్లు. 8తో భాగించి 750 ఎంబీ అని సంబరపడితే పప్పులో కాలేసినట్టే. ప్రతి 8 బిట్లనూ కేబుల్ మీద 10గా మార్చి పంపుతుంది కాబట్టి దక్కేది 600. ఫైబర్ మీద నడిచే గిగాబిట్ ఈథర్నెట్‌లో కూడా సరిగ్గా అదే 8కి 10 పద్ధతి. ఆ తీగలో నిజంగా పరిగెత్తేది 1.25, కానీ పేరులో పెట్టుకున్నది 1. ఈ వినయాన్ని కమిటీ రికార్డులకు ఎక్కించింది.

టేపు వినయానికి ఆమడ దూరం. బ్యాకప్‌లకు వాడే ఎల్‌టీవో-9 టేపు అసలు వేగం సెకనుకు 400 ఎంబీ. ‘కంప్రెషన్‌తో 1000’ అని ప్రచారం, మీ డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందని ధీమా. ముందే కుదించిన వీడియోల దగ్గర ఆ పప్పులుడకవు. అయినా ఆ 400నే తక్కువ చేయకూడదు, అది 3.2 గిగాబిట్లు. పాతసామాను అని మనం నవ్వే టేపును మేపడానికి గిగాబిట్ నెట్‌వర్క్ చాలదు. డేటా అందక టేపు ఆగి, వెనక్కి చుట్టుకుని, మళ్లీ మొదలెట్టి, మళ్లీ ఆగుతుంది.

చివరి ఫైలు 1956 నాటి ఐబీఎం ర్యామాక్ డిస్కుది. సెకనుకు 8,800 అక్షరాలు. అప్పటి అక్షరానికి 6 బిట్లు. ఆరే లెక్కేస్తే 52.8 కిలోబిట్లు, అంటే ఫోన్ లైన్ మీద నెట్ తెచ్చిన 56కె (56 కిలోబిట్ల) మోడెమ్ చేతిలో ఓటమి. తప్పు పట్టే పారిటీ బిట్‌నూ కలిపి ఏడంటే 61.6, గెలుపు. ఈకాలపు బైటు ప్రకారం ఎనిమిదంటే 70.4, ఘనవిజయం. పాత యంత్రాల అభిమానులు ఎనిమిది కన్నా దిగేది లేదంటున్నారు, మోడెమ్ పక్షం ఆరు దాటితే వాకౌట్ అంటోంది. మోడెమ్ మీది 56 కూడా ఫోన్ లైన్ మీద 56 కాదన్న సంగతిని ఇంకా ఎవరూ అజెండాలో పెట్టలేదు.