సిమ్యులేటర్‌లో విమానయాన చరిత్ర: చూపిస్తే చాలదు, లెక్క చెప్పాలి

షికాగో నగరాన్ని ఆనుకుని, మిషిగన్ సరస్సు ఒడ్డున మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం ఉండేది. 2003 మార్చి 30 అర్ధరాత్రి నగర మేయర్ రిచర్డ్ ఎం. డేలీ ఆదేశంతో బుల్డోజర్లు వచ్చి, దానికున్న ఒక్కగానొక్క రన్‌వేను పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల ఆకారంలో తవ్విపారేశాయి. ఇప్పుడక్కడ పార్కు ఉంది. అయినా ఆ రన్‌వే మీది నుంచి ఉత్తరానికి లేచిన విమానానికి ఎడమచేతివైపు ఆకాశహర్మ్యాలు, కుడిచేతివైపు నీళ్లు ఎలా కనిపించేవో కళ్లకు కట్టినట్టు చెప్పగలవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారిలో చాలామంది షికాగో ముఖమైనా చూసి ఉండరు. విమానం నడిపే అనుభవాన్ని కంప్యూటర్ తెరమీద కలిగించే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ప్రోగ్రామ్ సుమారు రెండు దశాబ్దాలపాటు కొత్తగా వచ్చినవారిని మొట్టమొదట నిలబెట్టింది ఆ రన్‌వే మీదే.

మెగ్స్‌ను భద్రపరచాలని ఎవరూ అనుకోలేదు. ప్రోగ్రామ్ మొదలుకావడానికి ఏదో ఒక చోటు కావాలి కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. ఇప్పటి పరిస్థితి వేరు. పాత విమానాలను, మూతబడిన విమానాశ్రయాలను, పేరుమోసిన ప్రయాణాలను సిమ్యులేటర్‌లో తిరిగి నిర్మించి, వాటిని ఎగిరి, ఆ ప్రయాణాన్ని రికార్డు చేసి పదిమందితో పంచుకోవడం ఒక పెద్ద వ్యాపకమైంది. కొందరికి విమానయాన చరిత్రతో తొలి పరిచయం ఇలాగే కలుగుతోంది. అందువల్ల దీన్ని వట్టి కాలక్షేపంగా కొట్టిపారేయలేం. చరిత్ర చెబుతున్నామన్నప్పుడు చరిత్ర రచనకు వర్తించే నియమాలు దీనికీ వర్తించాలి. దేనికి ఆధారం ఉంది, దేన్ని ఊహించుకున్నాం, దేన్ని సౌలభ్యం కోసం మార్చాం అన్న వివరం ప్రయాణంతోపాటే చూసేవారికి అందాలి. ఇప్పుడు పంచుకుంటున్న పునఃప్రయాణాల్లో అధికభాగం ఆ లెక్క చెప్పడం లేదన్నదే నా అభ్యంతరం.

నేలమీద కూర్చుని ఎగరడం నేర్చుకోవచ్చన్న ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్, తన కుటుంబానికి ఉన్న ఆర్గాన్ వాద్యాల కర్మాగారంలోని తిత్తుల పరిజ్ఞానాన్ని వాడుకుని 1929లో ఒక శిక్షణ యంత్రాన్ని తయారుచేశాడు. మొదట్లో దాన్ని కొన్నవారు ఎక్కువగా వినోద పార్కులవాళ్లే. 1934లో అమెరికాలో విమాన తపాలా మోసే బాధ్యతను సైన్యానికి అప్పగించాక, రాత్రిపూట, మబ్బుల్లో కేవలం పరికరాలు చూసి ఎగరడం అలవాటులేని పైలట్లు వరుసగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు సైన్యం లింక్ దగ్గర ఆరు యంత్రాలు కొన్నది. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన సిమ్యులేటర్ ఆపిల్ 2 కంప్యూటర్ మీదికి, 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం పీసీ మీదికి రావడం చాలా తరువాతి సంగతి. విధానం నేర్పడం కోసం మెరుగుపడుతూ వచ్చిన సాధనం ఇది. చరిత్ర విషయంలోనూ దీని అసలు బలం అక్కడే ఉంది.

ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్‌నే తీసుకుందాం. మ్యూజియంలో నిలబెట్టిన కాంకార్డ్ చుట్టూ ఎంతసేపు తిరిగినా అది ఎలా ఎగిరేదో తెలియదు. విమానం ధ్వని వేగాన్ని దాటేటప్పుడు రెక్కల మీద ఎత్తుబలం పనిచేసే కేంద్రం వెనక్కి జరుగుతుంది, దాంతో ముక్కు కిందికి వాలబోతుంది. రెక్కల వెనక అంచున ఉండే పలకలను పైకెత్తి దీన్ని సరిచేయవచ్చు గాని, అలా చేస్తే గాలి నిరోధం పెరిగి ఇంధనం అట్లాంటిక్ దాటేందుకు చాలదు. అందుకని సుమారు 20 టన్నుల ఇంధనాన్ని ముందు ట్యాంకుల నుంచి వెనక ట్యాంకులకు పంపి, విమానం గరిమనాభినే వెనక్కి జరిపేవారు. దిగేటప్పుడు ఇదంతా తిరగేసి చేయాలి. ఈ పని ఫ్లైట్ ఇంజనీరుది. శ్రద్ధగా తయారుచేసిన సిమ్యులేటర్ కాంకార్డ్‌లో ఆ పంపులను మరిచిపోయి, మాక్ 0.95, అంటే ధ్వని వేగంలో 95 శాతం దగ్గర, ఇంజన్ల వెనక అదనపు ఇంధనం మండించే రీహీట్ వెలిగించి వేగం పెంచితే ఏమవుతుందో చేతికే తెలుస్తుంది. కాక్‌పిట్‌లో మూడో మనిషి ఎందుకు కూర్చునేవాడో, అంత పెద్ద ప్యానెల్ అతని ముందు ఎందుకు ఉండేదో వ్యాసాలు చదివి తెలుసుకోవడానికీ, ఆ పంపులు స్వయంగా వేస్తూ గరిమనాభి సూచికను గమనించడానికీ చాలా తేడా ఉంది.

ఇంతకంటే పాత విద్య ఒకటి దాదాపుగా ఈ మార్గంలోనే బతికి ఉంది. 1930, 40 దశకాల్లో అమెరికా గగనమార్గాలను రేడియో రేంజ్ కేంద్రాలు నడిపించేవి. దారికి ఒకపక్క ఉంటే పైలట్ చెవిలో మోర్స్ సంకేతంలోని ‘ఏ’ (A) అక్షరం, అంటే చుక్కా గీతా వినిపించేవి. రెండోపక్క ‘ఎన్’ (N) అక్షరం, గీతా చుక్కా. సరిగ్గా దారి మీద ఉన్నప్పుడు ఆ రెండూ ఒకదాని ఖాళీలను మరొకటి పూరించి ఒకే నిరంతర ధ్వనిగా కలిసిపోయేవి. కేంద్రం నెత్తిమీదికి రాగానే ఆ ధ్వని మాయమయ్యేది. పైలట్‌కు దారి కళ్లముందు గీతగా కనిపించేది కాదు, చెవితో పట్టుకోవలసి వచ్చేది. ఉరుములు మెరుపుల రాత్రి రేడియోలో గరగరల మధ్య ఏది ‘ఏ’, ఏది ‘ఎన్’ అని పోల్చుకోవడం ప్రాణసంకటం. ఆ కేంద్రాలు ఏనాడో మూతబడ్డాయి, ఇప్పటి నావిగేషన్ డేటాలో వాటి ఊసే లేదు. పాత చార్టులు ముందేసుకుని ఆ కేంద్రాలను, వాటి ధ్వనులను సిమ్యులేటర్‌లోకి తిరిగి ఎక్కించినవారు జీతం తీసుకునే చరిత్రకారులు కారు, ఔత్సాహికులు. ఈ పనికి దక్కవలసిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

ఇక చిక్కుల సంగతి. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉపగ్రహ, వైమానిక చిత్రాల ఆధారంగా భూగోళం మొత్తాన్ని తెరమీదికి తెచ్చింది. చూడటానికి అద్భుతం, చరిత్రకు మాత్రం ఇబ్బంది, ఎందుకంటే ఆ భూగోళం ఈనాటిది. హాంకాంగ్‌లోని పాత కై తాక్ విమానాశ్రయంలో 13వ నంబరు రన్‌వేకు వచ్చే విమానాలను రేడియో మార్గదర్శక కిరణం రన్‌వే వైపు కాక ఒక కొండవైపు తీసుకువెళ్లేది. ఆ కొండమీద చదరంగపు బల్లలా గళ్లు గళ్లుగా రంగులు వేసి ఉండేవి. ఆ గళ్లు కనబడగానే ఆటోపైలట్ తీసేసి, నివాస భవనాల మీదుగా చేత్తో కుడివైపుకు 47 డిగ్రీలు తిప్పి, రెక్కలు సమం చేసుకునేసరికి రన్‌వే కాళ్లకిందికి వచ్చేసేది. 1998 జూలైలో విమానాశ్రయం మూతబడింది. కౌలూన్‌లో భవనాల ఎత్తుమీద ఉన్న ఆంక్షలు సడలాయి, పాత రన్‌వే కొసన ఓడల టెర్మినల్ వెలిసింది. నేటి చిత్రాల మీద నిన్నటి రన్‌వేను అతికించి ఎగిరితే, నాటి పైలట్ ఎరగని కట్టడాలు దారిలో నిలుస్తాయి. వాటిని తొలగించి, 1990ల నాటి కౌలూన్‌ను ఒక్కొక్క భవనంగా తిరిగి పేర్చినవాడు చరిత్ర పని చేస్తున్నాడు. తొలగించకుండా, ఆ సంగతి చెప్పకుండా వీడియో పెట్టినవాడు చూసేవారిని తప్పుదారి పట్టిస్తున్నాడు. తెరమీద రెండూ ఒకేలా మెరుస్తాయి కాబట్టి చూసేవారికి తేడా తెలిసే వీలు లేదు.

దృశ్యంలో తేడా కంటే లోతైనది ఊహల సమస్య. 1937 జూలై 2న అమెరికన్ మహిళా పైలట్ అమేలియా ఇయర్‌హార్ట్, నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ న్యూగినీలోని లే నుంచి పసిఫిక్ నడుమ ఉన్న హౌలాండ్ దీవికి బయలుదేరి ఆచూకీ లేకుండా పోయారు. దూరం 4,100 కిలోమీటర్లకు పైమాటే. దీవి చూస్తే నీటిమీద కాస్తంత తేలిన రెండు మూడు కిలోమీటర్ల నేల. మొదటి నుంచీ దిశ ఒక్క డిగ్రీ తప్పినా చివరకు 70 కిలోమీటర్లు పక్కకు పోతారు. ఈ ప్రయాణాన్ని సిమ్యులేటర్‌లో ఎగిరేవారు ఆమె నడిపిన లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానాన్ని సిద్ధం చేసుకుంటారు, జీపీఎస్‌ను ఆపేస్తారు, పట్టుదల ఉన్నవారు సూర్యుడి ఎత్తు కొలిచి స్థానం లెక్కగడతారు. ఇంతవరకు మెచ్చుకోవలసిందే. అయితే ఆ రాత్రి పసిఫిక్ మీద పైయెత్తున గాలి ఏ క్షణాన ఎటు, ఎంత వేగంతో వీచిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. సిమ్యులేటర్ మాత్రం ఖాళీగా వదిలితే ఊరుకోదు, గాలి గడిలో ఏదో ఒక అంకె వేయమంటుంది. ఆ అంకెను బట్టే దీవి దొరుకుతుంది, లేదా దొరకదు. అలాంటి ప్రయాణం చివర ‘ఇయర్‌హార్ట్‌కు జరిగింది ఇదీ’ అని ప్రకటించడం, తాను వేసిన అంకెనే తనకు సాక్ష్యంగా పిలుచుకోవడం. ఐదారు రకాల గాలులతో ఎగిరి, ఏ గాలికి ఏ ఫలితం వచ్చిందో పక్కపక్కన పెడితే, అదే పని విలువైన పరిశీలన అవుతుంది.

ముందే తెలిసిన ముగింపు కూడా ఇలాంటి చిక్కే. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ చచ్చుబడిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం హడ్సన్ నదిలో దిగింది. దర్యాప్తులో భాగంగా పైలట్లు సిమ్యులేటర్‌లో అదే పరిస్థితిని ఎదుర్కొన్నారు. పక్షులు తగిలిన మరుక్షణమే విమానాశ్రయంవైపు తిప్పిన ప్రయత్నాల్లో కొన్ని సఫలమయ్యాయి. ఏం జరిగిందో గ్రహించడానికి, నిర్ణయించుకోవడానికి మనిషికి పట్టే వ్యవధిగా 35 సెకన్లు ఇచ్చి చూస్తే, వెనక్కి చేరే ప్రయత్నం విఫలమైంది. ప్రమాదాలను ఇంట్లో కూర్చుని తిరిగి ఎగిరి ‘ఇలా చేసి ఉంటే బతికేవారు’ అని తీర్పులిచ్చే ప్రతి ఒక్కరూ ఆ 35 సెకన్లను గుర్తుపెట్టుకోవాలి. చనిపోయినవారి కుటుంబాలు ఈ వీడియోలు చూసే అవకాశం ఉందన్న స్పృహ కూడా కొందరిలో కొరవడుతోంది.

విమానం నమూనా ఎంత నమ్మదగినదన్నది మరో ప్రశ్న. రైట్ సోదరుల 1903 నాటి ఫ్లయర్ విషయంలో మనం అదృష్టవంతులం. 1999లో దాని పూర్తి పరిమాణపు నమూనాను నాసా ఏమ్స్ కేంద్రంలోని భారీ గాలి సొరంగంలో పెట్టి కొలిచారు. ఆ విమానం ముక్కు ఎంత అస్థిరంగా పైకీ కిందికీ ఊగేదో ఆ కొలతలు చెబుతాయి. శతాబ్ది ఉత్సవానికి మరొక ప్రతిరూపాన్ని కట్టినవారు తమ పైలట్లకు సిమ్యులేటర్ మీదే శిక్షణ ఇచ్చారు. తీరా 2003 డిసెంబర్ 17న వాన పడి, చాలినంత గాలి లేక, ఆ ప్రతిరూపం లేవలేక బురదలో కూలబడింది. ఆనాడు రైట్ సోదరులకు ఎదురుగాలి ఎంత తోడ్పడిందో ఆ వైఫల్యమే బాగా తెలియజెప్పింది. ఫ్లయర్‌కు ఉన్నట్టు కొలతలు లేని విమానాలు ఎన్నో. వాటి నమూనాలు ఫొటోలు, ప్రచార పత్రాలు, తయారుచేసినవారి ఊహ మీద నిలబడి ఉంటాయి. ఏది ఏ కోవకు చెందుతుందో తెలిపే నాలుగు వాక్యాలు రాయడం పెద్ద భారమేమీ కాదు.

సిమ్యులేటర్ చరిత్రను పైలట్ సీటులోంచి మాత్రమే చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు సాగిన సరుకు రవాణాను సీ-46 విమానంలో ఎగిరి చూపేవారు మంచుకొండలను, మంచుపట్టే రెక్కలను బాగానే చూపిస్తారు. చైనాలో రాళ్లు కొట్టి, బండరోలర్లను మనుషులే లాగి రన్‌వేలు వేసిన లక్షలాది కూలీలకు ఆ తెరమీద చోటు లేదు. సాధనానికున్న పరిమితి ఇది, ప్రోగ్రామ్‌లో చిన్న సవరణ (ప్యాచ్)తో పోయేది కాదు. వ్యాఖ్యానంలోనైనా వారిని తలుచుకోవచ్చు, ఆ ఎయిర్‌ఫీల్డ్ ఎలా పుట్టిందో దిగేముందు ఒక్క మాట చెప్పవచ్చు.

పంచుకునే పద్ధతిలోనూ ఎంచుకోవలసింది ఉంది. 2001 నుంచి నడుస్తున్న వ్యాట్‌సిమ్ వంటి ఇంటర్నెట్ నెట్‌వర్కుల్లో స్వచ్ఛందంగా పనిచేసే విమాన రాకపోకల కంట్రోలర్లు, సిమ్యులేటర్ పైలట్లు ఒకే ఆకాశంలో ఒకరినొకరు వింటూ ఎగురుతారు; క్రమశిక్షణ పరంగా ఇది గొప్ప బడి. కానీ అక్కడి విధానాలు, మాటలు నేటివి కాబట్టి 1950ల నాటి ప్రయాణాన్ని అందులో పెడితే ఆ కాలపు స్వరూపం సగం చెదిరిపోతుంది. చరిత్ర కోసమైతే చిన్న బృందం, నాటి చార్టు, నాటి విధానం మేలు. వీడియో ఒక్కటే పెట్టడం కంటే ఫ్లైట్ ప్లాన్, బరువుల వివరం, వాతావరణపు ఫైలు, ఏ మోడల్ ఏ వెర్షన్ వాడారో జతచేస్తే మరొకరు అదే ప్రయాణం చేసి సరిచూడగలరు. జేఆర్‌డీ టాటా 1932 నాటి కరాచీ-బొంబాయి తపాలా ప్రయాణాన్ని 1982లో తానే మళ్లీ ఎగిరినప్పుడు వాడింది లెపర్డ్ మాత్ విమానం, తొలినాటి పుస్ మాత్ కాదు. ఆ మార్పును ఎవరూ దాచలేదు, దానివల్ల ఆ ప్రయాణం విలువ తగ్గనూ లేదు.

వీటిని భద్రపరిచే సంగతి మరీ అధ్వానం. 2009లో సిమ్యులేటర్ ఔత్సాహికుల ప్రసిద్ధ వెబ్‌సైట్ అవ్‌సిమ్ మీద హ్యాకర్లు దాడిచేసి సర్వర్లను ధ్వంసం చేసినప్పుడు, ఏళ్లతరబడి పోగుచేసిన ఉచిత విమానాలు, విమానాశ్రయాల నిధి ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో బయటపడింది. సిమ్యులేటర్ కొత్త తరం వచ్చిన ప్రతిసారీ పాత మోడళ్లలో అనేకం పనికిరాకుండా పోతాయి. తయారుచేసినవారు అందుబాటులో లేకపోతే, హక్కులు ఎవరివో తేలక వాటిని మార్చే వీలూ ఉండదు. ఈ విషయంలో ఫ్లైట్‌గేర్ వంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల) సిమ్యులేటర్లు హంగు తక్కువైనా ఎక్కువ కాలం నిలిచే దారి చూపుతున్నాయి. విమానం రెక్కలను, ఇంజన్లను భద్రపరచడానికి పూనుకున్న మ్యూజియంలు ఈ ఫైళ్లను కూడా తమ సేకరణలో చేర్చుకోవాలి. విమానం పక్కన దాని మాన్యువల్ ఎంత అవసరమో, దాన్ని నడిపి చూపే నమూనా అంత అవసరం.

అన్నిటికంటే తొందరపడవలసింది మనుషుల విషయంలో. కాంకార్డ్ చివరి వాణిజ్య ప్రయాణం 2003 అక్టోబర్ 24న జరిగింది, కాబట్టి ఆ ఇంజనీరు ప్యానెల్ ముందు పనిచేసినవారిని ఇంకా అడిగి తెలుసుకోవచ్చు. ఏ పంపును ఎంత ముందుగా వేసేవారు, ఏ గేజీని నమ్మేవారు కాదు, మాన్యువల్‌ను పక్కనపెట్టి అలవాటుగా ఏం చేసేవారు అన్నవి వారికే తెలుసు. వారిని సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టి, తప్పులు పట్టించి, ఆ సంభాషణను మోడల్ ఫైలుతో కలిపి దాచడానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. నక్షత్రాలు చూసి సముద్రాలు దాటించిన నావిగేటర్ల విషయంలో అలా అడగగలిగే కాలం ఇప్పటికే చాలావరకు గడిచిపోయింది.